తీగె మీది ఆఖరి బిళ్ల

"ఒక్క రేకుముక్క కోసం ఇంతమందిని వానల నిలబెడతవా? జరుగు రాయలింగన్నా. జరగకుంటే లారీ నీ మీదికెళ్లి పోతది."

ఈ మాట అన్నది తొమ్మిదో బొగ్గు బాయి ఫుట్‌బాల్ టీము కెప్టెన్ ఓదెలు. లారీ ముంగట కుంటికాలు మీద నిలబడ్డది మా ఐదో బాయి దీపాల రూము రాయలింగు. ఆయన చేతిల ఒక రేకు బిళ్ల. బిళ్ల మీద ఏడో నంబరు.

"బిళ్ల మిగిలింది ఓదెలూ. మనిషి రాలే. లారీ కదలది."

ఇది ఎప్పటి ముచ్చటని నన్నడగొద్దు. నాకు చెప్పినోళ్లు చెప్పలే, వాళ్లకు చెప్పినోళ్లూ చెప్పలే. బొగ్గు తట్టలల్ల మోసిన కాలం. ఆరు దినాలు భూమి కింద, ఒక్క దినం భూమి పైన. ఆ ఒక్క దినం ఆదివారం. ఆదివారమొస్తే బాయికొక టీము, టీముకొక బంతి. బంతి చినిగితే పాత గుడ్డలు కుక్కి కుట్టి ఆడిండ్రు.

బాయిల దిగేటోడు తన నంబరు బిళ్ల ఇచ్చి దీపం తీస్కుంటడు. ఆ బిళ్ల గోడ మేకుకు ఎక్కుతది. పైకొచ్చినంక దీపం ఇచ్చి బిళ్ల తీస్కుంటడు. బిళ్ల మేకుకు ఉంటే మనిషి కింద ఉన్నట్టు. మేకు ఖాళీ అయితే మనిషి ఇంటికి పోయినట్టు. ఆ మేకుల కాడ కూసునేటోడు రాయలింగు. పెండ్లాం లేదు, పిల్లల్లేరు. దీపాల రూములనే వంట, దీపాల రూములనే పడక.

మూడుసార్లు బిళ్ల మిగిలింది ఆయన బతుకుల.

మొదటిసారి బాయి కాడ. షిఫ్టు అయిపోయింది, ఒక బిళ్ల మేకుకే ఉన్నది. "వాడు ఇంటికి పోయిండు పో, బిళ్ల మర్చిండు" అన్నడు మేస్త్రి. రాయలింగు నమ్మిండు. తలుపు ఏసిండు. మూడో దినం కప్పు కూలిన కాడ ఆ మనిషి దొరికిండు. ఊపిరి లేదు. అప్పటిసంది రాయలింగు మనుషుల మాట నమ్ముడు బంద్ చేసిండు. మేకునే నమ్మిండు.

కాలు ఇరిగినోడు, ఆడలేడు. అయినా ఆదివారం గ్రౌండుకొచ్చేది. గోలు కట్టెకు తీగె కట్టేది. రెండు టీములోళ్ల కాడ బిళ్లలు గుంజుకొని తీగెకు ఏలాడేసేది. ఇంటికి పోయేటప్పుడు ఎవల బిళ్ల వాళ్లు తీస్కోవాలె.

"కాకా, ఇది బాయి కాదే, గడ్డి" అని నవ్వేటోళ్లు మా పిలగాండ్లు.

"గడ్డి కింద ఏమున్నది?"

"బాయి."

"మరి?"

రెండోసారి బిళ్ల మిగిలింది ఈ తీగె మీదనే. మా గోల్‌కీపర్ కనబడలే. గ్రౌండు గ్రౌండంత ఎతికిండ్రు, పొదలు ఎతికిండ్రు, వాగు ఎతికిండ్రు. ఆయన కల్లు కాంపౌండుల కాళ్లు జాపుకొని కూసున్నడు. ఆ దినంసంది రాయలింగుకు 'బిళ్లల పటేలు' అని పేరు వడ్డది. "పటేలా, మా మేక ఇంకా రాలే, దాని బిళ్ల నీ తాన ఉన్నదా?" అని అడిగేటోళ్లు ఆడోళ్లు గూడ.

ఇగ మూడోసారి. ఐదో బాయికి తొమ్మిదో బాయికి ఫైనలు. పొద్దుగాల్ల నుంచి వాన. ఒక గోలు తేడాతోని మా ఐదో బాయోళ్లు గెలిచిండ్రు. తొమ్మిదో బాయి ఏడో నంబరు మొగిలి. చేతికొచ్చిన పెనాల్టీ బయటికి కొట్టిండు. "నా కండ్ల ముంగట ఉండకు" అన్నడు ఓదెలు. మొగిలి తల దించుకొని గోలు ఎనుక తుమ్మపొదలల్లకు పోయిండు. మళ్ల కనబడలే.

"మొగిలి ఏడి?" అని తొమ్మిదో బాయోళ్లు ఎక్కిన లారీ కాడ అడిగిండు రాయలింగు.

"అలిగిండు. ఇంటికి పోయిండు పో."

రాయలింగు ఈ మాట ఇంతకుముందు ఒకసారి ఇన్నడు.

డ్రైవరు ఇంజను రేపిండు. రాయలింగు కదలలే. మళ్ల రేపిండు. కదలలే. మూడోసారి లారీ జానెడు ముంగటికొచ్చి ఆయన ఛాతికి ఆనింది. కదలలే.

ఓదెలు కిందికి దుంకిండు. "నిజంగనే ఇంటికి పోయి ఉంటే ఏం జేస్తవ్?"

"నా మొఖం మీద ఉమ్మి ఊంచు. పోకుంటే నువ్వేం జేస్తవ్?"

ఓదెలు లారీల ఉన్నోళ్లను కిందికి దిగుమన్నడు.

రాయలింగు బిళ్లను మళ్ల తీగెకు ఏసిండు. అందరు తుమ్మపొదలల్లకు పోయిండ్రు. మొదటిసారి పిలిస్తే వాన. రెండోసారి పిలిస్తే వాన. మూడోసారి పిలిస్తే మూలుగు. భూమి కిందికెళ్లి వచ్చింది ఆ మూలుగు.

పాత బాయి మీద నేల కుంగింది. నిలువెత్తు గుంత. అడుగున ఛాతి దాక బురదల మొగిలి. ఎవలు అంచుకు పోయినా మట్టి పెళ్లలు ఊడి ఆయన మీదనే పడుతున్నయ్.

"గోలుకు కట్టిన వల కోసుకరాండ్రి" అన్నడు రాయలింగు. "అందరికన్న తేలికోన్ని నేనే."

వల పట్టుకొని దిగిండు. మొగిలి నడుముకు చుట్టిండు. "గుంజుండ్రి" అన్నడు. ఇటు ఐదో బాయోళ్లు, అటు తొమ్మిదో బాయోళ్లు గుంజిండ్రు. మొగిలి పైకొచ్చిండు. కండ్లు తెరుస్తలేడు, ఊపిరి ఉన్నదో లేదో తెలుస్తలేదు.

"ముందుగల్ల ఆయనను దవాఖానకు తీస్కపోండ్రి. నేనెక్కడికి పోత" అన్నడు రాయలింగు కిందికెళ్లి.

ఉరికిండ్రు. ముసలాయనను తొమ్మిదో బాయోళ్లు తీస్తరని ఐదో బాయోళ్లు అనుకున్నరు. ఐదో బాయోళ్లు తీస్తరని తొమ్మిదో బాయోళ్లు అనుకున్నరు.

తీగె కాడికొచ్చేసరికి మొగిలి కండ్లు తెరిచిండు. ఓదెలు ఏడ్సుకుంట ఏడో నంబరు బిళ్ల తీసి ఆయన చేతిల పెట్టిండు. అందరు తీగె దిక్కు చూసిండ్రు.

"తీగె ఖాళీ" అన్నడు ఒకడు.

"తీగె ఖాళీ" అన్నడు ఇంకొకడు.

తీగె ఖాళీ అయితే అందరు ఇంటికి పోయినట్టు. రాయలింగు నేర్పిన లెక్కనే అది. లారీ కదిలింది. ఇన్నేండ్లు అందరి బిళ్లలు ఏలాడేసిన మనిషి తన బిళ్ల ఒక్కదినం గూడ ఏయలే.

తెల్లారి సోమారం. మొదటి షిఫ్టు సైరను మోగింది. దీపాల రూము తలుపు తెరుసుకోలే. బిళ్లలు చేతుల పట్టుకొని లైనుల నిలబడ్డరు.

"పండుకున్నడేమో."

"జరమొచ్చి పెయ్యి ఎచ్చవడ్డదేమో."

"ఇంటికి పోయిండేమో" అన్నడు మూడోడు.

అంతే, అందరు ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు. ఆయనకు ఇల్లంటే ఆ రూమే.

ఉరికిండ్రు. రాత్రంత పడ్డ వానకు గుంత పూడుకపోయి నేల సాపుగ ఉన్నది. మీద వల కొస ఒక్కటి కనబడ్డది. ఆ దినం ఎవలూ బాయిల దిగలే. ఓదెలు చేతులతోనే తవ్విండు.

మొగిలి చాన ఏండ్లు బతికిండు. బతికినన్ని ఆదివారాలు మా గ్రౌండుకొచ్చి, రాయలింగు పేరు మీద నంబరు లేని ఒక బిళ్ల తీగెకు ఏసి పోయిండు. ఇప్పటికీ మా దిక్కు ఆట మొదలువెట్టే ముంగట తీగె కాడ నిలబడేటోడు ముందుగల్ల తన బిళ్ల ఏస్తడు. తర్వాత నంబరు లేనిది ఏస్తడు. తర్వాతనే ఆడేటోళ్లయి. ఆట అయిపోయినంక ఎవలు గెలిచిండ్రని అడగరు. "తీగె మీద ఎన్ని?" అని అడుగుతరు. "ఒక్కటే, నంబరు లేనిది" అంటేనే లారీ కదుల్తది. "వాడు ఇంటికి పోయిండు పో" అని ఎవలన్న అంటే, చిన్నపోరడు గూడ "నువ్వు చూసినవా?" అంటడు.

మీ ఇంట్ల గూడ ఉంటరు ఒకలు. పొద్దుగూకంగ వాకిట్ల నిలబడి, అందరొచ్చిండ్రా అని చూసేటోళ్లు. మరి వాళ్లు వచ్చిండ్రో లేదో ఎవలు చూస్తున్నరు?