శుభోదయం చెప్పనన్న చిలక

అనగనగా ఒక రాజు అని మొదలుపెట్టను, ఈ కథలో రాజుతో మనకి పనిలేదు. అనగనగా ఒక ఖజానా. కదంబపురం రాజ్యంలో డబ్బంతా అందులోనే ఉండేది. అక్కడ ఏళ్ళ తరబడి కొలువు చేసి, చివరి రోజున శాలువాలు కప్పించుకుని ఇంటికొచ్చేసిన పెద్దమనుషులు కొందరున్నారు. ఈ కథ వాళ్ళది. చెబుతుంటేనే నాకు ఒళ్ళు మండుతుంది, అయినా చెబుతాను, వినండి.

కొలువు వదిలిన రోజున వాళ్ళంతా చేతిలో చెయ్యి వేసి, "మనం ఎన్నటికీ విడిపోకూడదు" అని ఒట్టేసుకున్నారు. బాగానే ఉంది. ఆ ఒట్టు నిలబెట్టుకోవడానికి తలా ఒక చిలకను పెంచుకున్నారు. తెల్లారగానే ఎవరి చిలక వాళ్ళ తరఫున అందరి ఇళ్ళకీ ఎగిరివెళ్ళి, కిటికీలో వాలి, "మా అయ్యగారు శుభోదయం చెప్పమన్నారు" అని చెప్పి వచ్చేది. పండగైతే శుభాకాంక్షలు, ఏకాదశైతే ఒక శ్లోకం. పొద్దున్న లేస్తే ఊరంతా చిలకల గోల. మనిషి మాత్రం మనిషి గడప తొక్కింది లేదు.

వాళ్ళలో వీరభద్రయ్య అని ఒకాయన. ఖజానా గదికి రెండు తాళాలుండేవి. ఒకదాని చెవి ఈయన దగ్గర, రెండోది వాళ్ళలోనే ఇంకొకాయన కామరాజు దగ్గర. ఇద్దరూ వచ్చి పక్కపక్కన నిలబడితేనే ఆ తలుపు తెరుచుకునేది.

ఒకనాడు వీరభద్రయ్య పెరట్లో జారిపడ్డాడు. తొడ ఎముక విరిగింది. ఇంట్లో ఆయనా, భార్య అచ్చమాంబా ఇద్దరే. ఎముకలకు కట్టు కట్టే వైద్యుడేమో ఏటి అవతల ఉంటాడు, కదలలేని ముసలివాడు. "పున్నమిలోగా నా దగ్గరికి తెస్తే మళ్ళీ నడిపిస్తాను. ఆలస్యమైతే ఎముక వంకరగా అతుక్కుంటుంది, నా చేతుల్లో ఉండదు" అని ఆయన కబురు చేశాడు.

మంచంతో సహా మోసుకెళ్ళాలి. నలుగురు కావాలి. "పక్కవీధి వాళ్ళని అడుగుతానండీ" అంది అచ్చమాంబ.

"నావాళ్ళుండగా పరాయివాళ్ళెందుకే?" అన్నాడు వీరభద్రయ్య. పిచ్చి మారాజు! చిలకను పిలిచి, "నేను పడిపోయాను, వచ్చి మొయ్యాలని చెప్పిరా" అని పంపాడు.

చిలక మొదట దండపాణి ఇంటికి వెళ్ళింది. ఆయన ఒకప్పుడు వాళ్ళందరికీ పెద్ద, కోశాధికారి. "అయ్యో పాపం, త్వరగా కోలుకోవాలని దేవుణ్ణి ప్రార్థిస్తున్నానని చెప్పు" అన్నాడు. ఊయల దిగలేదు.

తర్వాత పేరిశాస్త్రి ఇంటికి వెళ్ళింది. ఆయన చిలకను కూర్చోబెట్టి ఆరోగ్యం మీద ఒక పొడుగాటి శ్లోకం నేర్పించి, "పూటపూటా వినిపించు, నొప్పి తగ్గుతుంది" అన్నాడు. విరిగిన కాలికి శ్లోకమట!

మిగతా ఇళ్ళలోనూ ఇలాంటి మాటలే విని, ఆఖరికి కామరాజు ఇంటికి వెళ్ళింది. ఆయన, "మిగతావాళ్ళు ఏమన్నారు?" అని అడిగాడు. చిలక చెప్పింది. "నా మాట కూడా అదేనని చెప్పు" అని తలుపు వేసుకున్నాడు.

"వాళ్ళకేం పనులున్నాయో, రేపొస్తారులే" అన్నాడు వీరభద్రయ్య. మర్నాడూ అదే మాట అన్నాడు. అలా ఎదురుచూస్తూ ఉండగానే పున్నమి వెళ్ళిపోయింది.

ఆ మర్నాటి పొద్దున్న కూడా, "వెళ్ళి అందరికీ శుభోదయం చెప్పిరా" అన్నాడు చిలకతో.

"చెప్పనయ్యా" అంది చిలక. "రాత్రంతా మీరు మూలుగుతూనే ఉన్నారు. ఈ ఇంట్లో శుభం ఏ మూలా లేదు. లేనిదాన్ని ఉందని ఊరంతా తిరిగి చెప్పడం నా వల్ల కాదు."

ఆ రోజు అది గూడు దాటలేదు.

ఇంకేముంది, మధ్యాహ్నానికల్లా మిగతా చిలకలు రెక్కలు పడిపోయేలా తిరిగాయి. వీరభద్రయ్య దగ్గర్నుంచి శుభోదయం రాలేదట. రాలేదంటే పోయినట్టేనట. ఒక్కడైనా వెళ్ళి చూశాడా? చూడలేదు. సాయంత్రానికి మాత్రం అందరూ దిగారు. దండపాణి చేతిలో పూలదండ. కామరాజు భుజాన వెదురు బొంగులు. పేరిశాస్త్రి అయితే దారిలోనే పద్యం కూడా కట్టేశాడు. వాకిట్లో నిలబడి దండపాణి గొంతు సవరించుకున్నాడు.

"అంతటి మంచివాడు మళ్ళీ పుట్టడు…"

లోపల మంచం మీంచి వీరభద్రయ్య అడిగాడు. "ఎవరు పోయారు దండపాణిగారూ?"

దండపాణి పూలదండ వీపు వెనక దాచుకున్నాడు. అచ్చమాంబ బయటికొచ్చింది. బొంగులు చూసింది. వాటిని లాక్కుని వీధిలోకి విసిరేసింది.

"కామరాజన్నయ్యా, ఆ రోజుల్లో ఈయనకి కాస్త ఒళ్ళు వెచ్చబడితే తెల్లారకముందే పరుగెత్తుకొచ్చేవాడివి. మా ఆయన మీద ప్రేమ అనుకున్నాను. ఈయన రాకపోతే ఆ గది తెరుచుకోదని వచ్చేవాడివని ఇప్పుడు తెలిసింది. బతికున్న మనిషిని మొయ్యమంటే ఒక్కరు రాలేదు. శవాన్ని మొయ్యడానికి ఇంతమంది వచ్చారు. సిగ్గులేదా మీకు? వచ్చారు కదా, లోపలికి రండి. మంచం ఎత్తండి."

తలలు వంచుకుని ఎత్తారు. ఏరు దాటించి వైద్యుడి ముందు దించారు. ఆయన కాలు తడిమి చూసి అడిగాడు.

"ఏ దేశం నుంచి తెచ్చారయ్యా, ఇంత ఆలస్యమైంది?"

మోసుకొచ్చినవాళ్ళు ఒకరి వెనక ఒకరు నక్కారు.

"ఎముక వంకరగా అతుక్కోవడం మొదలైంది. కట్టు కడతాను గానీ, ఈయన ఇక కర్ర లేకుండా నడవలేడు" అన్నాడు వైద్యుడు. కామరాజు అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడిస్తే ఏం లాభం? కాలు తిరిగి రాలేదు.

అందుకే చెబుతున్నాను, గుర్తుపెట్టుకోండి: వెయ్యి పలకరింపులు పంపినా, ఆపదలో ఉన్నవాడి గడప తొక్కనివాడు స్నేహితుడు కాడు.