ఓబులేసు రెండు సాళ్ళు

ఒరేయ్ చిన్నోడా, ఆ ఫోను కింద పెట్టు. సాయంత్రం మీ నాయన ఆటకు రమ్మని మూడుసార్లు పిలిచినాడు. కడుపునొప్పి అన్నావు. కడుపునొప్పి ఉన్నవాడు నాలుగు దోసెలు తినడు. ఫోను ఆట పిచ్చిని ఈ అవ్వ ఓర్చుకుంటుంది, అబద్ధాన్ని ఓర్చుకోదు. ఇటు తిరిగి పడుకో, విను.

అనగనగా, ఎర్రమట్టి చేల నడుమ ఒక ఊళ్ళో తిప్పన్న, లింగమ్మ అని మొగుడూ పెళ్ళాం. వాళ్ళకు శైలు అని కూతురు, ఓబులేసు అని కొడుకు. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను. ఒకరు ఆడుతుంటే ఇంకొకరు వంతు కోసం కాచుకునేవాళ్ళు. మాటల్లేవు, నవ్వుల్లేవు.

అప్పుడు వేరుశనక్కాయ పీకే కాలం వచ్చింది. పీకినాక మట్టిలో మిగిలిన కాయలు ఏరుకోవడాన్ని పరిగె అంటారు. తిప్పన్న ఫోను గూట్లో పెట్టి, "రేపటి నుంచి నలుగురం పరిగెకు పోదాం. సంచి నింపినవాళ్ళకు ఇంటికొచ్చినాక ఒక గంట ఫోను" అన్నాడు.

"ముందు నీ నడుము వంగుతుందేమో చూసుకో" అంది లింగమ్మ.

మొదటి రోజు ఓబులేసు, "నేను గుట్ట పక్క ఏరుకుంటా" అని జారుకున్నాడు. ఇంటికొచ్చి ఫోను తీసి ఆడుకున్నాడు. ఆ తర్వాత మిద్దె ఎక్కాడు. అక్కడ విత్తనపు కాయలు ఎండుతున్నాయి. వచ్చే ఏడు విత్తడానికి లింగమ్మ ఒక్కొక్కటీ చూసి ఏరిపెట్టిన కాయలవి. వాటితో సంచి నింపి, పైన తడిమట్టి పూసి చేలోకి తెచ్చాడు. ఆ రోజు శైలు కుందేలు పిల్లను చూసింది. వాడు చూడలేదు.

రెండో రోజూ అంతే చేశాడు. ఆ రోజు తిప్పన్న కూతురితో పరుగుపందెం పెట్టుకుని మట్టిలో బోర్లాపడ్డాడు. లింగమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు వాడు వినలేదు.

మూడో రోజూ అంతే. ఆ సాయంత్రం అందరి కాయలూ కలిపి చేలోనే కాల్చుకు తిన్నారు. "వీడి చేతికి అన్నీ గట్టి కాయలే దొరుకుతాయి" అని లింగమ్మ మురిసిపోయింది. వాడు ఒలిచిన కాయ తినకుండా పక్కన పెట్టేశాడు.

పరిగె కాయలన్నీ తిండికీ నూనెకూ అయిపోయాయి. ఆ తర్వాత తొలకరి పడింది. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. విత్తే రోజున పిల్లలకు చెరి రెండు సాళ్ళు ఇస్తారు. తమ చేత్తో విత్తిన సాలు తమదే. ఆ కాయలు ఎవరికి పెట్టుకున్నా వాళ్ళ ఇష్టం.

శైలు తన సాళ్ళు విత్తింది. గట్టు వార రెండు సాళ్ళు మిగిలాయి. అప్పుడు విత్తనం అయిపోయింది. "కొలిచే మిద్దె మీద ఎండబోసినానే" అని లింగమ్మ ఖాళీ గోనె మళ్ళీ మళ్ళీ దులిపింది. అదే వానకు ఊరంతా విత్తుతోంది, పక్కవాళ్ళ దగ్గర కాయ లేదు.

ఓబులేసు నేల చూస్తూ, "నేనే తీసినా నాయనా, మూడు సంచులు" అన్నాడు.

తిప్పన్న చెయ్యెత్తలేదు. గట్టు మీద కూర్చుని కొడుకును పక్కకు పిలిచాడు. "ఫోను ఆశ చూపి చేనికి పిలిచినా. అది నా తప్పు. ఊరికే రమ్మని ఉండాల్సింది" అన్నాడు. "విత్తనం తీసింది నీ తప్పు. ఆ రెండు సాళ్ళు నీవి."

అప్పటి నుంచి వాడు రోజూ వాళ్ళతో చేనికి పోయాడు. అక్క సాళ్ళలో కలుపు తీశాడు, ఉడతల్ని తరిమాడు. నవ్వడం కూడా నేర్చుకున్నాడు. కానీ విత్తనిది మొలవదు కదా నాన్నా. చేనంతా పచ్చగా ఉంటే గట్టు వార రెండు సాళ్ళు ఎర్రగా ఉండిపోయాయి.

పీకే రోజు శైలు తన కాయలు ఒడి నిండా తెచ్చి అమ్మకూ నాయనకూ పెట్టింది. తమ్ముడికీ దోసెడు పోసింది. వాడు ఒలిచి తిన్నాడు. తిరిగి అక్క చేతిలో పెట్టడానికి మాత్రం వాడి దగ్గర ఒక్క కాయ లేదు.

కథ పోయె కంచికి,
మనం వచ్చాం మంచానికి.
ఏరిన కాయ కడుపుకి,
దాచిన కాయ దుక్కికి.