తుర్రు కట్టిన కుదురు

రండి నాయనా, రండి తల్లీ, ఇంకొంచెం దగ్గరికి జరగండి. వెనక కూర్చున్నవాళ్ళు ముందుకు రండి. పిట్టకు రెక్క ఇచ్చి, ఎగరడానికి ఆకాశం కూడా ఇచ్చిన ఆ చల్లని స్వామిని ఒక్కసారి తలుచుకోండి. తలుచుకున్నారా? ఇక వినండి. మధ్యలో కాళ్ళు కదిలితే కదలనివ్వండి, నాకేం కోపం రాదు. ఈ కథ కూడా కదిలేవాడి కథే.

తుమ్మలకోన అని ఒక అడవి ఉండేది. అందులో జింకలు, కుందేళ్ళు, ముంగిసలు, తొండలు ఉండేవి. అడవి మధ్యలో ఒక వాగు. వాగు మీదికి వంగి ఒక పెద్ద ఈతచెట్టు. ఆ చెట్టు నిండా గిజిగాళ్ళు. వేలాడే గూళ్ళు అల్లే పిట్టలు అవే.

మీ అమ్మమ్మ కుండ దొర్లిపోకుండా దాని కింద గడ్డితో చుట్టిన చుట్ట పెడుతుంది. దాన్ని ఏమంటారు? ఆఁ, కుదురు! గిజిగాళ్ళు కూడా గూడు అల్లే ముందు అలాంటి చుట్టనే కొమ్మకు వేలాడేలా అల్లుతాయి. దానికీ కుదురనే పేరు. కుదురు గట్టిగా ఉంటే గూడు నిలుస్తుంది. లేకపోతే గాలికి ఊడిపోతుంది.

ఆ చెట్టు మీద గరికమ్మ అనే తల్లి గిజిగాడు ఉండేది. ఆమె కొడుకు పేరు తుర్రు. పేరుకు తగ్గట్టే ఉండేవాడు. ఒక పోచ తెచ్చి ముడి వేయబోతాడు. అంతలో తూనీగ కనిపిస్తుంది. తుర్రుమని దాని వెనక వెళ్తాడు. దారిలో కప్ప బెకబెకమంటుంది. అక్కడ ఆగుతాడు. తిరిగొచ్చేసరికి పోచ వాగులో కొట్టుకుపోతూ ఉంటుంది.

"అమ్మా, నా పోచ ఏది?" అని అడిగేవాడు.

"నీ పోచ ఈపాటికి సముద్రం చేరి ఉంటుంది నాయనా" అనేది గరికమ్మ.

పక్క కొమ్మల మీది పిట్టలు నవ్వేవి. "గరికమ్మ వదినా, నీ కొడుక్కి కాళ్ళలో చక్రాలున్నాయా? బొత్తిగా కుదురు లేదే!" అనేవి. గరికమ్మ కూడా పైకి నవ్వేది. లోపల మాత్రం కుమిలిపోయేది.

ఆ చెట్టుకు పెద్ద పసుపయ్య. నెత్తి మీద మెరిసే పసుపు ఈకలున్న ముసలి గిజిగాడు. ఒకరోజు ఆయన అందరినీ పిలిచాడు.

"పిల్లలూ, మబ్బులు పడుతున్నాయి. తొలకరి దగ్గరకొచ్చింది. ఈ ఏడు రెక్కలొచ్చిన మగపిల్లలందరూ వాన మొదలయ్యేలోపు కుదురు కట్టాలి. కట్టినవాడికే ఈ చెట్టు మీద కొమ్మ. కట్టలేనివాడు కొండ అవతలి ముళ్ళపొదలకు పోవాలి. ఊడిపోయే గూడు పక్కింటి గుడ్లను కూడా లాక్కుపోతుంది. అందుకే ఈ కట్టుబాటు" అన్నాడు.

గరికమ్మ కొడుకు వైపు చూసింది. ముళ్ళపొదల్లో పాములుంటాయి. అక్కడ తుర్రు ఒంటరిగా ఎలా బతుకుతాడు?

ఆమె వెంటనే పనిలోకి దిగింది. తుర్రు పోచ కోసం వెళ్తే దారి తప్పుతున్నాడు కదా? అందుకని తనే రెల్లు ఆకులు చీల్చి, పోచలన్నీ మోపుగా తెచ్చి వాడి ముందు పడేసింది. "ఇక నువ్వు ఎక్కడికీ ఎగరొద్దు. కొమ్మ దిగావంటే చూడు" అంది. పొద్దున్నే మారాం చేయకుండా పులిసిన ఇప్పపూలు పెట్టింది, అవి తియ్యగా ఉంటాయని. చీకటిపడ్డాక అల్లరి చేయకుండా గూటి గోడకు బంకమట్టితో మిణుగురులు అంటించింది. వాడు ఆ వెలుగులు చూస్తూ నోరెత్తకుండా ఉండేవాడు. కళ్ళు మాత్రం మూసేవాడు కాదు.

తెల్లవారితే మళ్ళీ అదే గోల. కూర్చుంటాడు, లేస్తాడు. మోపు లాగుతాడు, చిక్కు పడేస్తాడు. ఒక్క ముడి పడేది కాదు.

"ఏరా, ఇన్ని పోచలు తెచ్చి ముందు పెట్టినా నీకేం రోగం?" అని విసుక్కుంది గరికమ్మ.

"నాకు రోగమా అమ్మా?" అన్నాడు తుర్రు. వాడి గొంతు సన్నబడింది. అనేసిన మాటను వెనక్కి ఎలా తీసుకోవాలో ఆమెకు తెలియలేదు.

అదే సమయానికి పక్కనే వాగు ఒడ్డున ఉన్న తుమ్మచెట్టు బోదె మీద నుంచి ఒక గొంతు వినిపించింది. "అమ్మా గరికమ్మా, అబ్బాయికి కుదురు కావాలా?"

అక్కడ ఉన్నది గంభీరయ్య అనే తొండ. రోజంతా బోదెకు అతుక్కుని కదలకుండా ఉండేది. ఎవరు ఏమన్నా తల పైకీ కిందికీ ఊపేది. దానికి ఎంత తెలుసో అని అడవిలో చాలామందికి భ్రమ.

"నన్ను చూడు. కదులుతున్నానా? ఇదంతా ఈ ఆకు మహిమ. దీని పేరు కుదురాకు. రెండు గొంగళిపురుగులు తెచ్చిపెట్టు. ఒక్క నములుతో నీ కొడుకు శిలలా కూర్చుంటాడు" అంది తొండ.

"కూర్చుంటే అల్లుతాడా?" అని అడిగింది గరికమ్మ.

తొండ తల ఊపింది. ఊపింది కాబట్టి అవునని అనుకుంది గరికమ్మ.

పురుగులు ఇచ్చి ఆకు తెచ్చింది. తుర్రు ఆకు నమిలాడు. నిజంగానే కూర్చున్నాడు! అటు తిరగలేదు, ఇటు తిరగలేదు. పక్క పిట్టలు ముక్కున వేలేసుకున్నాయి. "ఎంత బుద్ధిమంతుడయ్యాడే!" అన్నాయి. గరికమ్మ పొంగిపోయింది. ఒక పోచ తీసి వాడి ముక్కున పెట్టింది.

పోచ జారి కిందపడింది.

మరొకటి పెట్టింది. అదీ జారింది. ఎక్కడినుంచో తూనీగ వచ్చి సరిగ్గా తుర్రు నెత్తి మీద వాలింది. వాడు తలెత్తి చూడలేదు. కళ్ళు సగం మూతపడి ఉన్నాయి. ముక్కు తెరుచుకుని ఉంది.

"నాయనా, తూనీగ రా! చూడరా!" అంది గరికమ్మ. ఇన్నాళ్ళూ ఏ తూనీగను తిట్టిందో, ఇప్పుడు దాన్నే చూడమని కొడుకును బతిమాలింది. వాడు పలకలేదు. ఆమె ఏడ్చుకుంటూ వాగు ఒడ్డుకు పరిగెత్తి, ముక్కుతో నీళ్ళు తెచ్చి వాడి నోట్లో పోసింది. పోస్తూనే ఉంది. సాయంకాలానికి వాడు కళ్ళు తెరిచి "అమ్మా, కప్ప అరుస్తోంది" అన్నాడు. ఆ మాట విని ఆమె స్వామికి వెయ్యి దండాలు పెట్టుకుంది.

వాగు మీది ఎండుకొమ్మ మీద లకుముకి పిట్ట ఒకటి ఉండేది. పేరు నీలమ్మ. ఆమె ఇదంతా చూసింది.

"ఏమే గరికమ్మా, ఏం మేపావే పిల్లాడికి?"

"కుదురాకు అక్కా. వాడికి కుదురు లేదని..."

"కుదురు మింగే వస్తువా? మీ పిట్టలు దాన్ని అల్లుతాయి కదే!" అంది నీలమ్మ. "ఒంట్లో నిజంగా బాగాలేకపోతే తెలిసిన వైద్యుడికి చూపించు, ఆయన మందిస్తే వెయ్యి. అందులో తప్పేం లేదు. నిరుడు నీ రెక్కకు దెబ్బ తగిలితే పసరు వేస్తేనే కదా మానింది? కానీ బోదె మీద కూర్చుని తలూపేవాడు ఇచ్చిందల్లా పిల్లాడి నోట్లో పెడతారటే?"

గరికమ్మ తల దించుకుంది. "మరి నేనేం చెయ్యను అక్కా? వాడు కూర్చోడు."

"నేను కూర్చుంటానా? చేప కనిపించే దాకా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాను. మనసు నిలపడం వేరు, ఒళ్ళు కదపకపోవడం వేరు. సరేగానీ, మీవాళ్ళందరూ గూడు ఎలా అల్లుతారు?"

"ఎగిరి వెళ్ళి ఒక పోచ తెస్తారు. అల్లుతారు. మళ్ళీ ఎగిరి వెళ్తారు."

"మరి నీ కొడుకును ఎగరొద్దన్నావేం?"

గరికమ్మకు తను చేసింది గుర్తొచ్చింది. ఎగిరితే దారి తప్పుతాడని పోచలు తనే తెచ్చింది. కొడుక్కి పని తేలిక చేశాననుకుంది. ఎగిరి రావడం కూడా అల్లకంలో భాగమేనన్న సంగతి ఆమెకు తట్టనేలేదు.

"ఇంటికి పో" అంది నీలమ్మ. "ముందు ఆ మిణుగురులను వదిలెయ్. చీకటి పడితే చీకటిగా ఉండనీ, పిల్లాడు నిద్రపోతాడు. పొద్దున్నే ఆ పులిసిన పూలు మాని నాలుగు పురుగులు, నాలుగు గింజలు పెట్టు. తర్వాత వాణ్ణి వదులు. నీకొక చుట్టు, పోచకొక చుట్టు అని చెప్పు. వాడు గాలిలో ఒక చుట్టు తిరిగి రావాలి, ఒకే ఒక్క పోచ తేవాలి, దాన్ని కుదురుకు ఒక చుట్టు చుట్టాలి. అంతవరకే పని. ఆ చుట్టు వేస్తే మెచ్చుకో."

"వెయ్యకపోతే?"

"అరవకు."

ఆ చివరి మాట గరికమ్మకు అన్నిటికన్నా కష్టమైంది.

ఆమె మిణుగురులను గోడ నుంచి ఊడదీసి, "పొండి తల్లీ, మీ దీపాలు మీరు పెట్టుకోండి" అని గాలిలోకి వదిలింది. తుర్రు గొడవ చేశాడు, ఏడ్చాడు, చివరికి నిద్రపోయాడు. తెల్లవారాక కడుపునిండా తిని ఎగిరాడు. మొదటిరోజు చుట్టు తిరిగి వచ్చాడు గానీ పోచ తేవడం మరిచాడు. గరికమ్మ అరవబోయి నోరు మూసుకుంది. రెండోసారి పోచ తెచ్చాడు, చుట్టాడు.

"భలే! పడిందిరా నాయనా చుట్టు!" అంది తల్లి.

"పడిందా? నాదేనా? మళ్ళీ తెస్తా!" అన్నాడు తుర్రు. తుర్రుమన్నాడు.

అన్ని రోజులూ ఇలాగే సాగాయని నేను చెప్పను. ఒకరోజు బాగా అల్లేవాడు. మర్నాడు వేసిన చుట్టు తనే పీకేవాడు. ఒకసారి పోచకు బదులు కప్ప గురించి కబురు తెచ్చాడు. గరికమ్మ ఆ కబురు విని, "సరే, ఇప్పుడు పోచ" అనేది. నెమ్మదిగా కొమ్మకు ఒక వంపు వేలాడింది. వంపు అరచందమామ అయింది.

గంభీరయ్య బోదె మీద నుంచి వెక్కిరించింది. "ఎగిరేవాడికి కుదురా? నా ఆకు లేకుండానా? వాన వచ్చే రోజున చూద్దాం" అంటూ, తన గొప్ప చూపించుకోవడానికి తనే నాలుగు ఆకులు గుటుక్కున మింగింది.

అంతలో ఆకాశం నల్లబడింది. ఉరుము ఉరిమింది. గాలికి ఈతచెట్టు ఊగిపోయింది. పిట్టలన్నీ కొమ్మల మీద చేరాయి. అందరి కుదుళ్ళూ పూర్తయ్యాయి. తుర్రుది మాత్రం ఇంకా మూసుకోలేదు. రెండు కొసలూ కలపడానికి ఒక్క పోచ కావాలి.

తుర్రు తుర్రుమని ఎగిరిపోయాడు.

"అదిగో పారిపోయాడు!" అన్నాయి పిట్టలు. "గరికమ్మ వదినా, పిలువు! కొసలు పట్టుకుని ఉండమను! మేం ఇస్తాం పోచ!"

గరికమ్మ గొంతు దాకా పిలుపు వచ్చింది. పిలిస్తే వాడు ఆగుతాడు. ఆగితే దారి తప్పుతాడు. కళ్ళు మూసుకుంది. "స్వామీ, వాడి చుట్టు వాణ్ణి తిరగనీ" అనుకుంది. పిలవలేదు.

వాగు మీద తూనీగ ఎగిరింది. తుర్రు తల అటు తిరిగింది. అందరూ చూశారు. తల మళ్ళీ ఇటు తిరిగింది. రెల్లుపొద మీద వాలాడు, సర్రున పోచ చీల్చాడు, గాలికి అడ్డంపడి వచ్చాడు. చుట్టాడు, లాగాడు, ముడి వేశాడు. కుదురు మూసుకుంది.

టప్. మొదటి చినుకు వాడి ముక్కు మీదే పడింది.

పసుపయ్య వచ్చి ఆ కుదురులో కూర్చున్నాడు. గాలికి ఒక ఊపు ఊగాడు. మరొక ఊపు ఊగాడు. పోచ సడలలేదు.

"ఈ కొమ్మ నీదిరా తుర్రూ" అన్నాడు.

"అమ్మా! కొమ్మ నాదట!" అని అరిచి, ఆనందం పట్టలేక తుర్రు వానలోనే చెట్టు చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చాడు. వాడు ఇప్పటికీ కదులుతూనే ఉంటాడు. గరికమ్మ మాత్రం వాడికి రోగమని మళ్ళీ ఎప్పుడూ అనలేదు.

మరి గంభీరయ్య? నాలుగు ఆకులు మింగి మత్తుగా ఉంది కదా! బోదె మీద నుంచి వాననీరు ధారగా దిగింది. పక్కకు జరగాలని కూడా దానికి తోచలేదు. జర్రున జారి వాగులో పడింది. తలూపుకుంటూ అవతలి ఒడ్డుకు కొట్టుకుపోయింది. మళ్ళీ ఆ తుమ్మచెట్టు మొహం చూడలేదు.

కథ కంచికి చేరింది నాయనా, మీరు మాత్రం ఒక్క సంగతి మనసులో కట్టుకుని లేవండి. గరికమ్మ ఆ ఆఖరి క్షణంలో కొడుకును పిలవకుండా ఆగింది. తుర్రు ఒక్క పోచ తెచ్చి ఒక్క చుట్టు వేశాడు. రేపు పొద్దున మీ ఇంట్లో పిల్లలు ఒకసారి ఎగిరి గంతేసి వచ్చి, ఒక్క చిన్న పని మొదలుపెట్టి పూర్తిచేయండి. పెద్దలు అప్పటిదాకా అరవకుండా ఆగండి. ఎల్లుండీ అలాగే చేయండి. ఏదీ, అందరూ ఒక్కసారి అనండి: నీకొక చుట్టు, పోచకొక చుట్టు!

నీతి: కుదురు ఒక్క గుక్కలో మింగితే వచ్చేది కాదు, మంచి తిండి, నిండు నిద్ర, ఆటపాటలు, పెద్దల ఓర్పు తోడుంటే ఒక్కొక్క చుట్టుగా అల్లుకునేది.