తంగేడు దాచుకున్న బెంగ

ఏటిగడ్డ అడవిలో కుందేళ్లు, ముంగిసలు, నెమళ్లు ఉండేవి. కానీ ఆ అడవికి పేరు తెచ్చింది అవేవీ కావు, జంగయ్య అనే ముసలి గిజిగాడు. గాలివానకు చెక్కుచెదరని గూడు అల్లడం నేర్పాలంటే జంగయ్యే నేర్పాలి. అందుకే ఎక్కడెక్కడి పిల్ల గిజిగాళ్లూ అక్కడికి చదువుకు వచ్చేవి.

రెండు కొండల అవతలి ఈతతోపు నుంచి తంగేడు అనే కుర్ర గిజిగాడు అలాగే వచ్చాడు. పగలంతా పచ్చిగడ్డి చీలికలతో ముడులు వేస్తూ బాగానే ఉండేవాడు. పొద్దు వాలేసరికి అమ్మ గుర్తొచ్చి గింజ గొంతు దిగేది కాదు. పాపం, చాలా బెంగపడ్డాడు. ఎవరికైనా తెలిస్తే తలకొట్టేసినట్టవుతుందని పైకి మాత్రం ఈల వేస్తూ తిరిగేవాడు.

పక్క కొమ్మ మీద ఉంటూ అతనితోపాటే చదువుకునే గింజన్న అలా కాదు. అందరి ముందూ బావురుమని ఏడ్చి, అమ్మను చూడాలన్నాడు. జంగయ్య నవ్వలేదు. నాలుగు రోజులు వెళ్లి రమ్మన్నాడు. గింజన్న వెళ్లాడు, తిరిగొచ్చి పనిలో పడ్డాడు. తంగేడు మాత్రం అతన్ని చంటిపిల్లాడని వెక్కిరించాడు.

అంతలో ఈతతోపులో ఒక గువ్వ గూళ్లు కట్టడం నేర్పుతోందని కబురొచ్చింది. నాలుగు పుల్లలు అడ్డంగా పేరిస్తే అక్కడ చదువు అయిపోయినట్టే. తంగేడు మూడు రోజులు తర్జనభర్జన పడ్డాడు. ఇక్కడి ముడి గట్టిదని అతనికి తెలుసు. అయినా చివరికి గురువు దగ్గరికి వెళ్లాడు.

"ఇక్కడి చదువు నాకు సరిపడటం లేదు గురువుగారూ. గువ్వ పద్ధతే మేలు."

జంగయ్య అతని ముఖంలోకి చూశాడు. "ఇల్లు గుర్తొస్తోందా నాయనా?"

"అబ్బే, అదేం లేదండీ."

చదువే నచ్చలేదన్నవాణ్ణి ఎవరు మాత్రం ఆపుతారు? జంగయ్య సరేనన్నాడు.

అమ్మ దగ్గర వారం రోజులకే బెంగ తీరింది. గువ్వ చెప్పినట్టు తంగేడు పుల్లలు పేర్చాడు. గిజిగాళ్లలో పెళ్లికూతురు ముందు గూటిని ముక్కుతో లాగి చూస్తుంది, గట్టిదైతేనే కాపురానికి వస్తుంది. వచ్చిన పిల్ల ఒక్కసారి లాగింది. పుల్లలన్నీ జలజలా రాలిపోయాయి. ఆ తర్వాత ఎవరూ అటు రాలేదు.

మళ్లీ జంగయ్య దగ్గరికి వెళ్దామంటే అల్లికల కాలం దాటిపోయింది. గింజన్న గూట్లో అప్పటికే పిల్లలు కళ్లు తెరిచాయట.

వాన మొదలవగానే తంగేడు అమ్మ గూట్లోకే దూరాడు. అంత మంచి చదువు ఎందుకు వదిలేశావని అమ్మ అప్పుడు అడిగింది.

"నీ మీద బెంగతో ఉండలేకపోయానమ్మా."

"నాకూ బెంగగానే ఉండేదిరా. ఆ మాట మీ గురువుగారికి చెప్పుకోవాల్సింది" అంది అమ్మ.

తంగేడు గూటి వాకిట్లోంచి తొంగి చూశాడు. బయట అతని కొమ్మ ఖాళీగా తడుస్తోంది.

నీతి: ఇంటి మీద బెంగ తప్పు కాదు. దాన్ని దాచి, చదువు మీద నెపం పెట్టినవాడు చదువును పోగొట్టుకుంటాడు.