గాజుకన్ను, బంకమట్టి

కొండ దిగి రాజధానిలోకి పోయే దారిలో ఒక మలుపు ఉంది. ఇవతల ఉన్నవాడికి అవతలివాడు కనపడడు. బండ్లవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. తెలిసీ సరిగ్గా అక్కడే ఎడ్ల తోకలు మెలిపెట్టేవాళ్లు. దిగుడు కదా, బండి దానంతటదే పరుగెత్తేది, తోలేవాడికి తానే రాజునన్నంత హుషారు వచ్చేది. ఏడాదికి నలుగురో అయిదుగురో ఆ మలుపులో చక్రాల కింద పడేవాళ్లు.

మొదట్లో రాజు అక్కడ ఒక కావలివాణ్ని పెట్టాడు. మంచివాడే. కాకపోతే అతనికి చుట్టాలు ఎక్కువ. చుట్టాలు కానివాళ్లు కూడా "మామా, మోకాలి నొప్పి ఎలా ఉంది?" అని పలకరిస్తే చాలు, చుట్టాలైపోయేవాళ్లు. చుట్టం బండి దూసుకుపోతుంటే అతను ఆకాశంలో కొంగల్ని చూసేవాడు. చివరికి పట్టుబడేది ఎవడయ్యా అంటే, ఊరికి కొత్తగా వచ్చి బండి ఆపి దారి అడిగినవాడు.

అప్పుడు గాజు పోసే ఆవిడ ఒకతె రాజు దగ్గరికి వచ్చింది. గుమ్మడికాయంత గాజుకన్ను చేసి, మలుపులో రాతిస్తంభం మీద పెట్టింది. స్తంభం కింద ఒక నల్లటి పలక ఉంచింది. నెమ్మదిగా పోయే బండిని ఆ కన్ను పట్టించుకోదు. జోరుగా పోయిన బండి వెనక భాగం మాత్రం అచ్చు గుద్దినట్టు పలక మీద పడుతుంది. ప్రతి బండికీ వెనక చెక్క మీద ఒక గుర్తు ఉంటుంది, చేపో తేలో తామరపువ్వో. పొద్దున్నే ఆవిడ పలక చూసి, ఆ గుర్తు బండివాణ్ని పిలిపించేది.

శిక్ష పెద్దదేం కాదు. ఎడ్ల మెడలో మువ్వలు విప్పి స్తంభానికి కట్టేసేవాళ్లు. నెలరోజులు అవి అక్కడే వేలాడేవి. అన్నాళ్లూ బండివాడు బండెక్కకూడదు, పగ్గం పట్టుకుని ఎడ్ల ముందు నడవాలి. మువ్వలు లేని ఎడ్లతో ఊళ్లోకి రావడం అంటే బండివాడికి తల కొట్టేసినట్టే. ఎవరి మువ్వల చప్పుడు ఎలా ఉంటుందో వాళ్ల ఇంట్లోవాళ్లకి వీధి చివర నుంచే తెలుస్తుంది మరి. మూడోసారి మువ్వలు వేలాడాయంటే, ఇక జన్మలో ఆ చేత్తో పగ్గం పట్టకూడదు.

ఆ దారిన తిరిగే వాళ్లలో బంకమట్టి బండివాడిది అందరికంటే జోరు. చెరువు అడుగు నుంచి నీలపు మట్టి తవ్వి కుమ్మరి వీధికి తోలేవాడు. అతని బండి గుర్తు తాబేలు. తాతగారు వేయించింది. తాబేలు గుర్తు బండి గుర్రంలా పరుగెత్తుతుంటే జనం నవ్వుకునేవాళ్లు, అతనికది గొప్పగా ఉండేది. కన్ను వచ్చిన ఆరునెలల్లోనే అతని మువ్వలు రెండుసార్లు స్తంభానికి వేలాడాయి. ఇక మిగిలింది ఒక్క తప్పు. మూడోసారి పట్టుబడితే బండీ పోతుంది, బతుకూ పోతుంది.

మలుపు దాటగానే ఎడ్లకి నీళ్ల తొట్టి ఉంది. బండ్లవాళ్లు అక్కడ చేరి కన్ను మీద అక్కసంతా వెళ్లగక్కేవాళ్లు.

"మనిషయితే కాళ్లావేళ్లా పడొచ్చు. దాని కాళ్లెక్కడున్నాయి పడ్డానికి?" అనేవాడు చెరుకు బండివాడు.

"రాజుగారికి మన మువ్వల మీద మోజు పుట్టిందిరా. పట్టెమంచానికి కట్టుకుంటాడు కాబోలు" అనేవాడు పత్తి బండివాడు.

వెదురు బండి ముసలాయన మాత్రం ఎడ్లకి నీళ్లు చూపిస్తూ, "నాకు నచ్చిందిరా అది. నువ్వెవరి కొడుకువని అడగదు" అనేవాడు.

"పెద్దోడివి, నీ ఎడ్లు ఎటూ పరిగెత్తలేవు. నీకేం, ఎన్నయినా చెప్తావు" అని మట్టి బండివాడు ఎగతాళి చేసేవాడు.

అలా ఉండగా ఒకరోజు రాజుగారి బావమరిది రథం మలుపులో రివ్వున పోయింది. తొట్టి దగ్గరున్న వాళ్లంతా చూశారు. ఇక చూడండి, రేపు కన్నుకి పువ్వు పూస్తుంది అని చెరుకు బండివాడు పందెం కాశాడు. తెల్లారేసరికి స్తంభానికి వెండి మువ్వలు వేలాడుతున్నాయి, పత్తి బండి ఎడ్ల ఇత్తడి మువ్వల పక్కనే. కాసేపటికి బావమరిదిగారు పట్టుపంచె మోకాళ్ల దాకా ఎగ్గట్టి, గుర్రాల కళ్లెం పట్టుకుని నడుచుకుంటూ వచ్చాడు. తొట్టి దగ్గర ఒక్కడూ నవ్వలేదు. చెరుకు బండివాడు తలపాగా తీసి స్తంభం వైపు చూస్తూ నిలబడ్డాడు. మట్టి బండివాడికి కూడా ఒళ్లు పులకరించింది. ఇన్నాళ్లకి ఈ దారిలో పెద్దా చిన్నా లేని చూపు ఒకటి వచ్చిందనుకున్నాడు. పైకి మాత్రం అనలేదు.

మలుపులో, స్తంభానికి ఎదురుగా, మట్టి బండివాడి అక్క మజ్జిగ అమ్మేది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. కన్ను రాకముందు బండ్ల దెబ్బకి ఏటా ఆవిడ కుండ పగిలేది. వచ్చాక ఒక్కటీ పగల్లేదు. అందుకని రోజూ పొద్దున్నే కొంగు తడిపి, మెట్టెక్కి, గాజుమీద దుమ్ము తుడిచేది.

"దాన్ని తుడవకపోతే నా మువ్వలు నా దగ్గరే ఉండేవి కదే అక్కా" అన్నాడు తమ్ముడు.

"మువ్వలు పోతే వస్తాయిరా. నువ్వు పోతే ఎక్కణ్నుంచి తేను?" అంది ఆవిడ.

ఒకనాడు వాన వెలిసిన దారిలో అతని ఎడ్లు చెయ్యి దాటి పరుగెత్తాయి. మలుపు దాటాక గాని అతనికి తెలివి రాలేదు. అయిపోయింది, మూడోది పడింది అనుకున్నాడు. మర్నాడు గుండె చిక్కబట్టుకుని కూచుంటే పిలుపు రాలేదు. వెళ్లి బండి చూసుకున్నాడు. బండి కుదుపుకి మట్టిముద్ద జారి వెనక చెక్క మీద అంటుకుంది. తాబేలు దాని కింద ఉంది.

ఆ పూటే అతను తన చేత్తో ముద్ద తీసి పామాడు. మలుపులో కావాలనే తోలాడు. పిలుపు రాలేదు. ఇంకేం, తొట్టి దగ్గర మీసం మెలేసి సంగతి చెప్పాడు. మర్నాటి నుంచి అతని బండి ఆగడం పాపం, "తమ్ముడూ ఒక ముద్ద", "బావా నాకో ముద్ద" అని చుట్టూ మూగేవాళ్లు. అతను ఎవర్నీ కాదనలేదు. ఎలా పామాలో కూడా నేర్పాడు, బొటనవేలితో కింద నుంచి పైకి. వెదురు బండి ముసలాయన ఒక్కడే చెయ్యి చాచలేదు.

"ఏరా, నీ తాబేలు కనపడదేం?" అని అక్క అడిగింది.

"మట్టిలో దాక్కుందే."

"తాబేలు భయమేస్తేనే దాక్కుంటుంది" అంది అక్క. అతను ఆ మాట చెవిన వేసుకోలేదు.

పదిరోజులు గడిచాయి. మిట్టమధ్యాహ్నం అతను మట్టి దించి తిరిగి వస్తుంటే మలుపులో జనం గుమిగూడి కనిపించారు. దారంతా మజ్జిగ. కుండ పెంకుల మధ్య అక్క పడి ఉంది. ఎడమకాలు ఉండాల్సిన తీరున లేదు. గుద్దిన బండి ఆగలేదట. సరుకు తేవడానికి ఊళ్లోకి దిగుతున్న ఖాళీ బండట. అందరి బండ్లకీ ఒకే రకం తడిక గూడు, ఏది ఎవరిదని ఎవరు చెప్పగలరు?

అతను అక్కని ఎత్తి బండిలో పడుకోబెట్టాడు. ఎముకలు కట్టే వైద్యుడి ఇంటిదాకా ఒక్క కుదుపు లేకుండా, ఎడ్ల ముందు తనే నడుస్తూ తీసుకెళ్లాడు. బతుకుతుంది, నడక మాత్రం మునుపటిలా ఉండదన్నాడు వైద్యుడు. అతను అక్కణ్నుంచి తిన్నగా స్తంభం దగ్గరికి పరుగెత్తాడు.

"అమ్మా, పలక తియ్యి. నా అక్కని గుద్దినవాడెవడో నాకు కావాలి" అన్నాడు గాజు పోసే ఆవిడతో.

ఆవిడ పలక తీసింది. అన్నీ ఉన్నాయి. లేచిన దుమ్ము ఉంది. గాల్లోకి ఎగిరిన మజ్జిగ, బొట్టు బొట్టుగా ఉంది. చక్రం పక్కన అక్క ఎత్తిన చెయ్యి, చేతికున్న రెండు మట్టిగాజులు కూడా ఉన్నాయి. బండి వెనక చెక్క మీద గుర్తు ఉండాల్సిన చోట ఒక ముద్ద ఉంది. దాని మీద బొటనవేలి చాళ్లు, కింద నుంచి పైకి.

"ఇంత చూసింది, గుర్తొక్కటీ చూడలేదా?" అని అరిచాడు.

"ఉన్నదంతా చూసింది నాయనా" అంది ఆవిడ. "ఈ నీలపు మట్టి ఎక్కడ దొరుకుతుందో నీకేమైనా తెలుసా?"

అతను తన బొటనవేలి వంక చూసుకున్నాడు. ఆ పొద్దున పదకొండు మందికి ఇచ్చాడు ముద్దలు. పదకొండు మందికీ ఆ చెయ్యి తిప్పడం నేర్పింది తనే.

తొట్టి దగ్గరికి వెళ్లి అడిగాడు. "ఎవర్రా? చెప్పండి, ఏమీ అనను." అందరూ ఎడ్ల వంక చూశారు. చెరుకు బండివాడు తొట్టిలో నీళ్లని చేత్తో కెలుకుతూ కూచున్నాడు. అతను ఇంక అడగలేదు. బండి వెనక్కి వెళ్లి, తొట్టి నీళ్లు దోసిళ్లతో పోసి తాబేలుని కడిగాడు. మట్టి పోయేదాకా కడిగాడు. తర్వాత ఎడ్ల మెడలో మువ్వలు విప్పి భుజాన వేసుకున్నాడు.

"నిన్నెవరూ పట్టుకోలేదు కదరా!" అన్నాడు పత్తి బండివాడు.

అతను మలుపుకి నడిచి, మువ్వల్ని తన చేత్తోనే స్తంభానికి కట్టాడు. అవి మూడోసారివి. గాజు పోసే ఆవిడ చూసింది, వద్దనలేదు. ఎడ్లని బండితో సహా వెదురు బండి ముసలాయనకి అప్పజెప్పినప్పుడు మాత్రం అతను చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మర్నాటి నుంచి అతను మలుపులో ఒక కడవ నీళ్లు, కొబ్బరిపీచు పెట్టుకుని కూచున్నాడు. పొద్దున్నే అక్క బదులు తనే మెట్టెక్కి గాజు తుడిచేవాడు. నెమ్మదించిన ప్రతి బండి వెనకా నడుస్తూ గుర్తు కడిగేవాడు. చేప తేలింది, తామర విచ్చింది. మొదట్లో ఒకరిద్దరు కసురుకున్నారు గాని, తర్వాత బండ్లవాళ్లే పీచు అందుకుని కడుక్కోవడం మొదలుపెట్టారు. మలుపులో మళ్లీ పరుగు తగ్గింది.

రెండు నెలలకి అక్క కర్ర ఊతంతో వచ్చి, పాత చోటే కొత్త కుండ దించింది.

ఆ రోజు చెరుకు బండివాడు అందరిలాగే నెమ్మదిగా వచ్చాడు. అతని బండి వెనక తేలు శుభ్రంగా, నిగనిగలాడుతూ ఉంది. కడగడానికి ఏమీ లేదు. అయినా అతను బండి ఆపి దిగాడు. కుండ పక్కన ఆనించి ఉన్న కర్ర వైపు చూశాడు. ఎడ్ల మువ్వలు విప్పబోయాడు. ముడి ఒక పట్టాన రాలేదు. మట్టి బండివాడు లేచి వెళ్లి, ఎద్దు మెడ పట్టుకుని నిలబడ్డాడు.

మువ్వలు స్తంభానికి కట్టాక చెరుకు బండివాడు తలపాగా తీసి అక్క ముందు నిలుచున్నాడు. అక్క అతని మొహంలోకి చాలాసేపు చూసింది. కళ్లనీళ్లు తుడుచుకుంది. కుండలో గరిటె ముంచి, లోటా నిండా మజ్జిగ పోసి చాచింది.

"తాగు. ఎండన పడి నడవాలి కదా" అంది.

సాయంత్రం గాజు పోసే ఆవిడ పలక తీసి చూసింది. ఆ రోజు ఎవరూ జోరుగా పోలేదు. పలక నల్లగా, ఖాళీగా ఉంది. ఆవిడ తలెత్తింది. స్తంభానికి ఒక జత మువ్వలు కొత్తగా మోగుతున్నాయి.