నిప్పు కంటే ముందు నడిచినవాడు

అవతలి ఒడ్డు కనపడని నీళ్ళ మధ్య, ఓడలు గాలిని నమ్ముకుని తిరిగే కాలంలో, ఒక చెరుకు దీవి ఉండేది. అక్కడ తూర్పున చెరుకు, పడమర చెరుకు, మధ్యలో చెరుకు. ఆ చెరుకు నరకడానికి మన తెలుగువాళ్ళని ఓడలెక్కించి తీసుకెళ్ళారు. వెళ్ళినవాళ్ళు చాలామంది, తిరిగొచ్చినవాళ్ళు కొద్దిమంది.

కొన్నేళ్ళకి వాళ్ళ వెనకే గిద్యోను అనే యువకుడు వెళ్ళాడు. గోదావరి పక్కవాడు. కూలికి కాదు, సువార్త చెప్పడానికి. మిషను వాళ్ళు అతనికి ఒక పెట్టె, ఒక బైబిలు, ఒక జత బూట్లు ఇచ్చి పంపారు. దేవుడు అంతకుముందే ఒక గొంతు ఇచ్చాడు. ఎలాంటి గొంతు? ఏటికి ఇవతల నిలబడి పిలిస్తే అవతల రేవులో పడవవాడు తెడ్డు అందుకునేంత గొంతు. ఆ గొంతుతో దీవినంతా దేవుడి దగ్గరికి పిలవగలనని గిద్యోనుకి గట్టి నమ్మకం.

దీవిలో అతని రోజు ఇలా గడిచేది. కోడి కూయకముందే లేచేవాడు. ప్రార్థనలకి వేసిన రేకుల గుడి ఊడ్చేవాడు. గుమ్మానికి గంటలా వేలాడదీసిన ఇనప పట్టాముక్క మీద మూడు దెబ్బలు కొట్టేవాడు. ఎవరూ వచ్చేవారు కాదు. అప్పటికే కూలీలంతా కత్తులు భుజాన వేసుకుని తోటలకి వెళ్ళిపోయేవారు. గంజి కాచుకుని తాగి, కూలీల ఇళ్ళ వరస వెంట తిరిగేవాడు. ప్రతి తలుపూ తట్టేవాడు. లోపల కోళ్ళు తప్ప ఎవరూ ఉండేవారు కాదు. సాయంత్రం అందరూ తిరిగొచ్చాక వాక్యం చెప్పేవాడు. మొదటి మాటకి ఆవలించేవారు. రెండో మాటకి గోడకి ఆనుకునేవారు. మూడో మాటకి గురకపెట్టేవారు.

పక్కింటి అసిరమ్మ నోరున్న మనిషి. మొహం మీదే చెప్పేసింది.

"మీ వాక్యం శానా మంచిది అయ్యగారూ. నా సంటిది రెండు రోజులై నిద్దరోనేదు. మీరు నోరు తెరిసేరు, పడుకుండిపోనాది."

గిద్యోను నవ్వాడు. కోపం తెచ్చుకునే రకం కాదు.

"అయితే మీరు మెలకువగా ఉండే చోటికే వస్తాను."

"అక్కడ కత్తి పట్టాల."

"పడతాను."

పట్టాడు. మొదటి రోజు చెరుకు నరికాడు. చెరుకు నిలబడే ఉంది, బూటు తెగింది. రెండో రోజు మోపు ఎత్తాడు. మోపు ఒక పక్క పడింది, తను ఒక పక్క పడ్డాడు. మూడో రోజు నీళ్ళ కావడి మోశాడు. దాహమేసినవాళ్ళ దగ్గరికి చేరేసరికి కుండలు ఖాళీ.

మేస్త్రి పైడన్న నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. ఆ కూలీలందరి మీదా పెత్తనం అతనిదే.

"దేవుడు మీకు నోరొక్కటే ఇచ్చి ఒగ్గీసినాడేటి, అయ్యగారూ?"

తోటంతా నవ్వింది. గిద్యోనూ నవ్వాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు.

ఆ దీవిలో చెరుకు నరికే ముందు తోటకి నిప్పు పెడతారు. ఎండుటాకు భగ్గున కాలిపోతుంది. చెరుకుగడ నిలుస్తుంది. పాములు చస్తాయి, కోతకి చెయ్యి ఆడుతుంది. అయితే గాలి తగ్గిన కాసేపట్లోనే అంటించాలి, నాలుగు గట్లూ ఒకదాని వెంట ఒకటి. గాలి లేచిందంటే నిప్పు పక్క తోట మీదికి దూకుతుంది. అందుకని పైడన్న కాగడా పట్టుకున్నాక ఎవరి మాటా వినేవాడు కాదు.

గిద్యోను మొదటిసారి తోట కాల్చడం చూసినరోజు, అసిరమ్మ ఒక్కతే తోటకి వీపు తిప్పి కూర్చుంది.

"ఏమ్మా, పొగ పడదా?"

"నిరుడు మా తమ్ముడు ఇలాటి తోటలోనే ఉన్నాడు" అంది. "జొరం. నీడ సల్లగుందని లోపలికెల్లి పడుకున్నాడు. మర్నాడు కోతకెల్తే కత్తీ కడియం దొరికినాయి."

గిద్యోను తోట వైపు తిరిగి చూశాడు.

"నిప్పు పెట్టేముందు ఎవరూ పిలవరా?"

"ఎవులు పిలుత్తారు? గాలి మేస్త్రి కోసం ఆగదు. మేస్త్రి మా కోసం ఆగడు."

"నేను పిలుస్తాను. నాకున్నది నోరొక్కటేనని మీ మేస్త్రే అన్నాడుగా."

తర్వాతి తోట దగ్గర కాగడా వెలిగే వేళకి గిద్యోను గట్టు మీద నిలబడ్డాడు. గుండెనిండా గాలి పీల్చాడు.

"లోపల ఎవరున్నా బయటికి రండి! నిప్పు వస్తోంది!"

మూడుసార్లు పిలిచాడు. చెరుకు ఆకులు కదిలాయి. కూలీలంతా ఊపిరి బిగబట్టారు. ఆకులు చీల్చుకుని ఒక అడవిపంది బయటికి దూకింది.

"అయ్యగారికి మొదటి విశ్వాసి దొరికేసినాడు!" అన్నాడు పైడన్న.

నవ్వలేక కొందరు నేల మీద కూర్చున్నారు.

రెండో తోట. గిద్యోను మళ్ళీ గట్టు ఎక్కాడు.

"లోపల ఎవరున్నా బయటికి రండి! నిప్పు వస్తోంది!"

మూడో పిలుపుకి ఒక కూలీ కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. పని ఎగ్గొట్టి పడుకున్నవాడు. పైడన్న కర్ర ఎత్తాడు. గిద్యోను వెళ్ళి మధ్యలో నిలబడ్డాడు.

"నా పిలుపు విని వచ్చాడు, పైడన్నా. ఇతన్ని కొడితే రేపు ఎవరూ రారు. రానివాళ్ళు కాలిపోతారు. కొట్టక తప్పదంటే నన్ను కొట్టు."

బోధకుడి మీద పైడన్నకి చెయ్యి లేవలేదు. కర్ర దించాడు. ఆ సాయంత్రం రేకుల గుడిలో సగం చాపలు నిండాయి. ఎవరూ గురకపెట్టలేదు. గిద్యోను ఛాతీ కొంచెం వెడల్పయింది. మనిషన్నవాడికి కాదా మరి?

మూడో తోట చాలా పెద్దది. గిద్యోను మూడుసార్లు పిలిచాడు. అంతకుముందు ఎప్పుడూ లేనంత గట్టిగా పిలిచాడు. ఆకు కదల్లేదు. పైడన్న వైపు తిరిగి, "ఎవరూ లేరు, పెట్టు" అన్నాడు.

ఒక గట్టు అంటుకుంది. రెండో గట్టు అంటుకుంది. అప్పుడు అసిరమ్మ గొంతు చించుకుని అరిచింది.

"నూకాలు మామ్మ ఏదర్రా?"

నూకాలు ముసలిది, ఒంటరిది. తోటల్లో ఎండుటాకు ఏరుకొచ్చి పొయ్యి వెలిగించుకుంటుంది. పుట్టు చెవుడు, మాటా రాదు.

గిద్యోను పరిగెత్తాడు. అంటుకోని గట్టు మీంచి లోపలికి దూకాడు. ఈసారి పిలవలేదు. పిలిచి లాభం లేదు. చెరుకు వరసల మధ్య సాలు వెంట సాలు నడిచాడు, పొగలో చేతులు చాపి తడుముకుంటూ నడిచాడు. తోట నడిమధ్య నూకాలు మంటకి వీపు పెట్టి కూర్చుని, తీరిగ్గా మోపు కట్టుకుంటోంది. అమాంతం ఎత్తి భుజాన వేసుకుని బయటపడ్డాడు. అతని కనుబొమలు కాలిపోయాయి. ఆమె చీర చెంగు కాలిపోయింది. మోపు వదిలేసి వచ్చాడని నూకాలు అతని వీపు మీద పిడికిళ్ళతో గుద్దింది. దించాక వెనక్కి తిరిగి మంటని చూసింది. చెయ్యి దించేసింది.

గిద్యోను గట్టు మీద కూలబడ్డాడు.

"పెట్టు అన్నది నేను. పైడన్న కాదు, నేను."

అసిరమ్మ పక్కన చతికిలబడింది.

"అన్నారు. మల్లీ అనకండి."

అంతే. ఓదార్పు మాటలు ఆమెకి చేతకావు.

నాలుగో తోట దగ్గర గిద్యోను ఎప్పటిలాగే మూడుసార్లు పిలిచాడు. పైడన్న కాగడా ఎత్తాడు. గిద్యోను పంచె ఎగ్గట్టి తోటలోకి నడిచాడు.

"ఎక్కడికయ్యా?" అని అరిచాడు పైడన్న. "సాలు సాలూ తిరిగొచ్చేసరికి గాలి లేచిపోద్ది! తోట దొరకి సెప్పి నిన్ను ఓడెక్కించేత్తాను. రేపే ఎక్కించేత్తాను!"

లోపల్నించి ఆ గొంతు వినిపించింది.

"నేను లోపలున్నాను, పైడన్నా. పెట్టగలిగితే పెట్టు."

పైడన్న కాగడా అతని చేతిలోనే ఆగింది. కూలీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అసిరమ్మ చెంగు నడుముకి దోపింది. చంటిపిల్లని పక్కావిడ చేతిలో పెట్టింది.

"నానూ లోపలే ఉన్నాను, మేస్త్రీ" అంటూ చెరుకులోకి నడిచింది.

ఆమె వెనక ఒకడు వెళ్ళాడు. వాడి వెనక ఇద్దరు వెళ్ళారు. వాళ్ళ వెనక అందరూ వెళ్ళారు. గట్టు మీద పైడన్న, చంటిపిల్ల, పిల్లనెత్తుకున్న ఆడమనిషి మిగిలారు. తోట నిండా మనుషుల అలికిడి. గాలి లేచింది. ఆ పూట ఇక నిప్పు పెట్టే వీల్లేదు.

పైడన్న కాగడా నేలకేసి కొట్టాడు.

"అయితే మీరే పెట్టుకోండి! నడిసినోడే నిప్పు పెట్టుకోవాల. నాకేటి! ఏ సాలులో ఎవుడున్నాడో నాకెలా తెలుత్తాది?"

కోపంలో అన్నాడు. కానీ గిద్యోను తోట అవతలి వైపు నుంచి బయటికొచ్చి, చుట్టూ తిరిగొచ్చి, ఆ కాగడా తీసుకున్నాడు.

"సరే, పైడన్నా. నువ్వు చెప్పినట్టే. నడిచినవాడే పెడతాడు."

మర్నాడు గాలి తగ్గాక మళ్ళీ నడిచొచ్చి అతనే పెట్టాడు. దొరకి కావలసింది పంచదార. అది తగ్గలేదు. కాబట్టి దొర ఏమీ అనలేదు, గిద్యోనుని ఎవరూ ఓడ ఎక్కించలేదు.

ఆ తర్వాత అతని రోజు మారిపోయింది. పట్టాముక్క కొట్టడం మానేశాడు. కూలీలతోపాటే తోటకి వెళ్ళేవాడు. గట్టు మీద వాక్యం చెప్పేవాడు, మూడంటే మూడు మాటలు. తర్వాత పిలుపు. తర్వాత నడక. తర్వాత నిప్పు. కొందరు అతని గుడిలో చేరారు, కొందరు చేరలేదు. అసిరమ్మ చేరలేదు. ఆమెకి తన ఊరి దేవత అసిరితల్లి ఉంది. అయినా ప్రతి ఆదివారం గుడి ముందు నీళ్ళు చల్లి వెళ్ళేది. ఎందుకని గిద్యోను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఒక కోతల కాలంలో గిద్యోను పోయాడు. తోటలో నడుస్తుంటే పాము కరిచిందని కొందరంటారు. కాదు, దీవి జ్వరమని కొందరంటారు. ఎలా పోతేనేం, ముప్పై నిండకుండా పోయాడు. చెరుకు గట్టు పక్కనే పాతిపెట్టారు. మిషను వాళ్ళు ఇంకొకరిని పంపడానికి ఓడ రావాలి. ఓడ రావడానికి గాలి మారాలి. కాల్చాల్సిన తోట మాత్రం ఎదురుగా ఉంది.

పైడన్న కాగడా వెలిగించాడు. వెలిగించి నిలబడ్డాడు. కూలీలంతా నిలబడ్డారు. ఎవరు పిలవాలి? అలాంటి గొంతు ఇంకెవరికీ లేదు. ఒకడు నోరు తెరిచి సిగ్గుపడి మూసుకున్నాడు. ఇంకొకడు దగ్గి ఊరుకున్నాడు. మరొకడు పక్కవాడి వైపు చూశాడు. అసిరమ్మ చెంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

అప్పుడు నూకాలు గట్టు ఎక్కింది.

ఆమె ఆ పిలుపు ఎన్నడూ వినలేదు. అతను ఎలా నిలబడేవాడో చూసింది, ఛాతీ ఎలా పొంగేదో చూసింది, నోరు ఎలా తెరిచేవాడో చూసింది. అలాగే నిలబడింది. అలాగే నోరు తెరిచింది. అందులోంచి వచ్చినది మాట కాదు, పాట కాదు, ఏడుపూ కాదు. గరగరమనే అరుపు ఒకటి. మూడుసార్లు అరిచింది. ఎవరూ నవ్వలేదు. తర్వాత తోటలోకి నడిచింది.

ముసలి నడక. చాలాసేపు పట్టింది. పైడన్న గాలి వైపు ఒక్కసారి కూడా చూడలేదు. అవతలి గట్టు మీద ఆమె తల కనపడగానే తనే చుట్టూ తిరిగి వెళ్ళి, ఆమె చేతికి కాగడా ఇచ్చాడు.

ఇప్పటికీ ఆ దీవిలో చెరుకు కాల్చేముందు మూడుసార్లు పిలుస్తారు. రేకుల గుడికి వెళ్ళేవాళ్ళూ పిలుస్తారు, కోవెలకి వెళ్ళేవాళ్ళూ పిలుస్తారు, ఎక్కడికీ వెళ్ళనివాళ్ళూ పిలుస్తారు. పిలిచాక ఒకరు ఈ గట్టు మీంచి లోపలికి దిగి, సాలు సాలూ చూసుకుంటూ ఆ గట్టు మీద తేలతారు. ఎంత పెద్ద మేస్త్రి అయినా, నడిచి బయటికొచ్చిన మనిషి చేతికే కాగడా ఇవ్వాలి. కొత్తగా వచ్చినవాడు ఎవడైనా గట్టు మీదే నిలబడి, "పిలిచాను, ఎవరూ లేరు" అంటే, అక్కడి ఆడవాళ్ళు నడుం మీద చేతులు పెట్టుకుని అడుగుతారు:

"పిలిచావు సరే. నడిచావా?"