పైమడుగు చేపలు, కిందిమడుగు చేపలు

ఎర్రగుట్ట పాదాన దొండమడుగని ఒక చెరువు. చుట్టూ మొక్కజొన్న చేలు. చేలకి చల్లిన ఎరువు వానకి కొట్టుకొచ్చి ఆ చెరువులోనే చేరేది. ఆ ఏడు వాగు ముందే ఎండిపోయింది, గాలి ఆడలేదు, ఎండ దంచికొట్టింది. చూస్తుండగానే నీటి మీద పచ్చటి తెట్టు కట్టింది, ఎవరో రంగుడబ్బా ఒలకబోసినట్టు.

ఆ గట్టునే తుంగమ్మ అనే నీటికుక్క తన ఇద్దరు పిల్లలతో కాపురముండేది. వేటలో దానికి మంచి పేరుంది. ప్రశ్నలడగడంలో అంతకన్నా పెద్ద పేరుంది. తుంగమ్మ కంటబడితే తాబేలు కూడా పరుగెత్తాల్సిందే, లేకపోతే డిప్ప ఎందుకు గుండ్రంగా ఉందో చెప్పేదాకా వదలదని కొంగలు నవ్వుకునేవి.

ఒక ఉదయం తుంగమ్మ బలిసిన బొచ్చెచేపని పట్టి తెచ్చింది. పెద్దపిల్ల పోలి వీపు కండ తింది. చిన్నపిల్ల నూకి కడుపు చీల్చి, మెత్తగా ఉందని కార్జమూ పేగులూ మింగేసింది. పొద్దు నెత్తి మీదికి రాకముందే నూకి కక్కుకుని కాళ్ళు చాపేసింది. పోలి మాత్రం గెంతుతూనే ఉంది.

తుంగమ్మ పరుగున వచ్చింది. పిల్లని నీడకి లాగి మూతి నాకుతూ కూర్చుంది. ఒకపక్క భయం, ఇంకోపక్క తొలిచేసే ఆలోచన. చేప ఒకటే, నీళ్ళు ఒకటే. ఒకదానికి తిండైంది ఇంకొకదానికి విషమెలా అయింది?

నూకి కాస్త కళ్ళు తెరిచాక తుంగమ్మ చెరువు దగ్గరికి పోయింది. జమ్ముదుబ్బుల పక్కన ముసలి బొచ్చె ఒకటి నీటిపైకి మూతి పెట్టి రొప్పుతోంది.

"పారిపోకు. వేటకి రాలేదు, ఒక మాట అడుగుదామని వచ్చాను," అంది తుంగమ్మ.

"పిల్లి వచ్చి ఎలుక క్షేమం అడిగినట్టుంది," అంది బొచ్చె. పారిపోయే ఓపిక దానికి లేదు. "సరే, అడుగు."

"మీలో ఒకదాని వీపు తిన్న పిల్ల బాగానే ఉంది. కడుపు తిన్న పిల్ల పడిపోయింది. మీ కడుపులో ఏముంది?"

"ఈ తెట్టే ఉంది. మేం నోరు తెరిచి నీళ్ళు వడగట్టుకుని బతికేవాళ్ళం. ఇప్పుడు వడగడితే దొరికేది ఇదే. ముందు పేగుల్లోకి పోతుంది, అక్కణ్ణుంచి కార్జానికి. ఒంట్లోకొచ్చిన చెడునంతా పట్టుకుని కూర్చునేది అదేగా. కండకి చేరేది కొంచెమే."

"కొరమీను తెట్టు ముట్టదుగా. దాన్ని తింటే?"

"అది మా పిల్లల్ని తింటుంది. మా పిల్లలు తెట్టు తింటాయి. ఇక నువ్వే ఆలోచించుకో."

"ఎక్కిన విషం దిగే దారే లేదా?"

"తేటనీళ్ళలో పడితే దిగుతుంది. కార్జమే కొంచెం కొంచెంగా విరగ్గొట్టి బయటికి తోసేస్తుంది. కానీ ఎక్కినంత తొందరగా దిగదు. ఏనుగులా వచ్చి చీమలా పోతుంది." బొచ్చె ఒక గుక్క గాలి మింగి, గొంతు తగ్గించింది. "గుట్ట చరియలో ఊటమడుగులున్నాయటగా. మమ్మల్ని అక్కడ చేర్చు. ఇక్కడుంటే ఊపిరాడక అందరం పోతాం. అక్కడైతే కొందరం నీ నోట్లో పడ్డా కొందరం మిగులుతాం."

"ఆకలికి మించి ముట్టను," అని మాటిచ్చింది తుంగమ్మ.

ఊటనీళ్ళు ముందు పైమడుగులో నిండి, పొర్లి కిందిమడుగులో పడతాయి. తుంగమ్మ చేపల్ని ఒక్కొక్కటే నోట కరుచుకుని, పన్ను దిగకుండా మోసుకెళ్ళి పైమడుగు నింపింది. నూకిని చూసుకుంటూ కొన్నాళ్ళు ఆగి, తర్వాత తెచ్చినవాటిని ముందువాటితో కలవకుండా కిందిమడుగులో వదిలింది. ఈలోగా గుట్ట మీది పీతలతో పిల్లల కడుపు నింపింది.

చాలా రోజులయ్యాక పైమడుగులో ఒక చేపని పట్టి, కడుపులోదంతా తీసి గోతిలో పూడ్చేసి, వీపు కండ ఒక్క ముక్క తాను తిని పడుకుంది. మర్నాడు లేచి ఒళ్ళంతా తడుముకుంది. ఏమీ కాలేదు. ఇంకొంచెం తింది. ఆ తర్వాతే పోలికి పెట్టింది, అందరికన్నా చివర నూకికి.

ఇదంతా తంగేడు పొదల్లోంచి చూస్తున్నాడు నక్క జంబులయ్య. ఒకరోజు మెల్లగా వచ్చి కూర్చున్నాడు.

"చేపని నోట్లో పెట్టుకుని కూడా మింగనిదాన్ని నిన్నే చూశాను వదినా. ఏంటి సంగతి?"

తుంగమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది.

"అయ్యో పాపం," అన్నాడు జంబులయ్య. మనసులో మాత్రం, నాలుగు చేపలు దాచుకోవడానికి ఎంత కథ అల్లిందిరా అనుకున్నాడు. "మరి ఏ మడుగువి తినొచ్చంటావు?"

"పైమడుగువి తినొచ్చు, అదీ కడుపు తీసేసి. కిందిమడుగువి మొన్నమొన్న తెచ్చినవి. వాటి జోలికి పోకు మరిదీ."

జంబులయ్య మీసాలు కదిలాయి. వద్దన్న చోటే కదా సొమ్ముండేది. మంచివి కిందున్నాయన్నమాట.

నాలుగు వానలు పడ్డాయి. జంబులయ్య పరుగున వచ్చాడు. "వదినా, చెరువు అద్దంలా తేటపడింది. తెట్టు జాడే లేదు. పిల్లల్ని తీసుకుని వెంటనే పో."

తేటపడ్డ నీళ్ళలో చేప కూడా తేటపడుతుందా? అది తెలుసుకోవాలని తుంగమ్మ బయల్దేరింది. చెరువు నిజంగానే మెరుస్తోంది. గట్టువారన ఒక జెల్లచేప కనిపిస్తే ఆ మాటే అడిగింది.

"తెట్టు చచ్చి కుళ్ళింది," అంది జెల్ల. "దాని కడుపులో ఉన్నదంతా ఇప్పుడు నీళ్ళలోనే ఉంది. నీకు కనపడటం మానేసింది, అంతే."

తుంగమ్మ మూతి తడపకుండా వెనక్కి తిరిగింది. వచ్చేసరికి కిందిమడుగు ఒడ్డున చేపముళ్ళు పడున్నాయి. జంబులయ్య మూతి నాక్కుంటున్నాడు. ఎందుకైనా మంచిదని ఒక్కో చేపనీ ఊటనీళ్ళలో జాడించి మరీ, ముందు కార్జాలే తిన్నానని గొప్పగా చెప్పాడు.

"పైకి జాడిస్తే లోపలిది పోతుందా? కక్కెయ్యి మరిదీ, ఇప్పుడే కక్కెయ్యి."

"తిన్నవాణ్ణి చూస్తే తిననివాళ్ళకి కడుపుమంట," అని తోక ఆడించుకుంటూ పోయాడు.

పొద్దువాలేసరికి తంగేడు పొదల కింద మూలుగు వినిపించింది. కక్కీ కక్కీ జంబులయ్య డొక్కలు అంటుకుపోయాయి. తుంగమ్మ వాణ్ణి మెడపట్టి ఊట దగ్గరికి ఈడ్చుకొచ్చింది. ప్రాణం నిలిచింది గానీ, నిలబడటానికి చాలా రోజులు పట్టింది.

లేచిన రోజున నీరసంగా అన్నాడు: "పైమడుగువి తినొద్దని చెప్పుంటే పైమడుగువే తినేవాణ్ణి కదా వదినా. బాగుపడేవాణ్ణి."

"ఆ ఆలోచనే రాలేదు మరిదీ. నువ్వడిగావు, నాకు తెలిసింది చెప్పాను."

తుంగమ్మ ఒక చేపని శుభ్రం చేసి వాడి ముందు పెట్టింది. "ఇది పైమడుగుది. తిను."

జంబులయ్య చేపని వాసన చూశాడు. తుంగమ్మ మొహం చూశాడు. మళ్ళీ చేపని చూశాడు. నోరూరుతోంది, కడుపు కాలిపోతోంది. చివరికి ముట్టకుండానే లేచి, తూలుకుంటూ పొదల్లోకి వెళ్ళిపోయాడు. చేపని పోలీ నూకీ చెరిసగం తిన్నాయి.

నీతి: విషం దిగడానికి కాలం కావాలి, నిజం తలకెక్కడానికి నమ్మకం కావాలి.